పిండిమర ఇంటి జాజి మాట

నూకరత్నం, ఇరవై ఆరేళ్ళు. మాట మొదలుపెట్టి సగంలో ఆపేసి, కొంగుతో మూతి తుడుచుకోవడం ఆమె అలవాటు. అనగనగా ఒక ఊళ్ళో, పిండిమర ఇంట్లో, ఆవిడ కోడలు. కాళ్ళు ఆడించకుండా పడుకుని విను బంగారం. ఇది రాజుల కథ కాదు.

ఆ మర ఆమె మామ అప్పలకొండది. మర తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకని ఆ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు. మర ఆగినా అరుపు ఆగదు. ఒకరి మాట అవకముందే ఇంకొకరు అందుకుంటారు. అందరికన్నా ముందు తెగేది కోడలి మాట. అందుకే ఆ కొంగు, ఆ మూతి తుడుచుకోవడం.

కానీ మర దగ్గర మాత్రం అప్పలకొండకి ఒక పట్టింపు ఉంది. ఒకరి పిండి పూర్తిగా దిగకముందే ఇంకొకరి గింజలు తొట్టిలో పోయనివ్వడు. ఎవరైనా తొందరపడి డబ్బా ఎత్తితే, చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు! ముందు ఆవిడిది దిగనీ!" అంటాడు. బియ్యప్పిండిలో రాగులు కలిస్తే జనం ఊరుకుంటారా మరి?

నూకరత్నానికి ఒక కూతురు. పేరు జాజి. మూడేళ్ళు నిండాయి, మాట రాలేదు. నవ్వుతుంది, పరిగెడుతుంది, పిలిస్తే తిరిగి చూస్తుంది, కావలసింది వేలితో చూపిస్తుంది. మాట మాత్రం లేదు.

ఇంటికి ఎవరొచ్చినా ఆ పిల్లని మధ్యలో నిలబెట్టేవారు. "తాత అను. అత్త అను. అనవే! ఏదీ, అను!" పిల్ల బిక్కమొహం వేసేది. "తల్లి పోలికే. నోట్లో నాలుక లేదు గుంటకి" అని అందరూ నవ్వేవారు.

అత్త దాలమ్మ, "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట బయట తిరిగింది" అంది. మొగుడు గోవిందు, "ఫోనిచ్చి కూచోబెట్టింది" అన్నాడు. పొరుగింటావిడ, "తల్లి పాలలోనే ఉంది లోపం" అంది. తండ్రి ఆ పిల్ల పక్కన కూర్చుని ఏనాడైనా నాలుగు మాటలు చెప్పాడా అని ఎవరైనా అడిగారా? అడగరమ్మా. పిల్ల చురుగ్గా ఉంటే తండ్రి పోలిక, పిల్ల పలక్కపోతే తల్లి తప్పు. ఎవడు రాశాడో ఈ చట్టం!

ఆ తర్వాత వైద్యాలు మొదలయ్యాయి. మొదట వస కొమ్ము అరగదీసి నాలుకకి రాశారు. చిటికెడు చాలదని దాలమ్మ గంధంలా దట్టంగా పట్టించింది. పిల్ల తిన్నదంతా కక్కుకుంది. తర్వాత గుడిగంట కడిగిన నీళ్ళు తాగించారు. పిల్లకి కడుపునొప్పి వచ్చింది. మూడోది అన్నిటికన్నా ఘోరం. "తల్లి దగ్గరుంటే దీనికి మాట రాదు. మా చెల్లెలింట్లో పెంచుదాం. అక్కడందరూ వసపిట్టలే" అంది దాలమ్మ. గోవిందు తలూపాడు. దసరా వెళ్ళాక చెల్లెలొచ్చి పిల్లని తీసుకుపోయేటట్టు మాటైపోయింది. కన్నదాన్ని ఒక్కరూ అడగలేదు.

"నేను..." అంది నూకరత్నం. అంతలోనే అత్త, మామ, మొగుడు ముగ్గురూ అందుకున్నారు. ఆమె మూతి తుడుచుకుంది. తుడుచుకుని, పిల్లని చంకనేసుకుని, ఎవరికీ చెప్పకుండా టౌను బస్సెక్కింది.

పెద్దాసుపత్రిలో ముందు చెవులు చూశారు. చెవులు బాగున్నాయి. అప్పుడు, మాటలు నేర్పే సలోమి టీచరు దగ్గరికి పంపారు.

టీచరు కుర్చీలో కూర్చోలేదు. చాప మీద పిల్లకి ఎదురుగా కూర్చుంది. సబ్బునీళ్ళ డబ్బా తీసి బుడగలు ఊదింది. "బుడగ" అంది. జాజి ఎగిరెగిరి పట్టుకుంది. మళ్ళీ ఊదింది. ఆ తర్వాత డబ్బా మూత పెట్టేసి, ఊరికే పిల్ల మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఒక్క మాట అనదు. "అను" అని కూడా అనదు. జాజి డబ్బాని చూసింది, టీచరుని చూసింది, తల్లిని చూసింది. చాలాసేపటికి పిల్ల పెదాలు కలిసి విడిపోయాయి. "బ" అంది. టీచరు చప్పున మూత తీసి బుడగలు ఊదింది.

"నావల్లేనా అండీ ఇలా..." అని నూకరత్నం అలవాటుగా సగంలో ఆగిపోయింది. టీచరు అందుకోలేదు. పిల్ల కోసం ఆగినట్టే తల్లి కోసం కూడా ఆగింది. "...ఇలా అయింది?" అని నూకరత్నం తన మాట తనే పూర్తి చేసుకుంది. పెళ్ళయ్యాక ఆమె మాట కోసం ఒక మనిషి కాచుకోవడం అదే మొదలు.

"నీవల్ల కాదు, ఎవరి పాపమూ కాదు. కొందరికి మాట ఆలస్యమవుతుంది. నేర్పితే చాలామందికి వస్తుంది" అంది టీచరు. "ఆ 'అను, అను' మానిపించు. పిల్ల దేన్ని చూస్తే దాని పేరు నువ్వు చెప్పు. చెప్పి, ఆగు. ఆగడమే కష్టం."

కష్టం కాదమ్మా, యుద్ధం! నూకరత్నం జంతికల డబ్బా పట్టుకుని, "జంతిక" అని చెప్పి, పిల్ల కోసం కాచుకుని కూర్చునేది. దాలమ్మ ఉరికొచ్చి, "పసిగుడ్డుని ఏడిపిస్తావేటే, రాకాసీ!" అని జంతిక పిల్ల నోట్లో కుక్కేసేది. గోవిందు పేపరులోంచి తలెత్తకుండానే, "దానికి నీళ్ళు కావాలి, ఇచ్చెయ్" అనేవాడు. అప్పలకొండ, "అను! తాత అను!" అని గదమాయించేవాడు.

అప్పుడు నూకరత్నానికి మర దగ్గర మామ అడ్డం పెట్టే చెయ్యి గుర్తొచ్చింది. అరచెయ్యి అడ్డం పెట్టి, "ఆగు అత్తా" అంది. తర్వాత, "ఆగండి మావయ్యా." ఆ తర్వాత మొగుడితో కూడా, "ఆగు." ఆ ఇంట్లో రోజూ పొద్దున్నా, మధ్యాహ్నం, సాయంత్రం అదే చెయ్యి, అదే మాట. టీచరు దగ్గరికి బస్సులు ఎక్కుతూనే ఉంది, తిట్లు తింటూనే ఉంది.

దసరా వెళ్ళింది. ఆదివారం, మరకి సెలవు. దాలమ్మ చెల్లెలు వచ్చింది. పిల్ల బట్టలు సంచిలో సర్దేశారు.

"జాజి ఎక్కడికీ..." అంది నూకరత్నం.

"నువ్వుండవే, పెద్దోళ్ళు మాట్లాడతన్నారు" అన్నాడు మామ.

"జాజి నా దగ్గరే..."

"అమ్మ చెప్పింది కదా, ఇంకేటి?" అన్నాడు మొగుడు.

"టీచరమ్మ చెప్పింది, పిల్లకి..."

"ఆ టీచరే కంటే సరిపోను పిల్లని!" అంది అత్త. చెల్లెలు పకపకా నవ్వింది.

నూకరత్నం చెయ్యి కొంగు మీదికి పోయింది. అప్పుడు గుమ్మంలోంచి జాజి వచ్చింది. తల్లి ముందు నిలబడింది. చిన్న అరచెయ్యి అందరికీ అడ్డం పెట్టింది.

"ఆగు" అంది.

అందరూ ఆగారు. ఎంతసేపు అనుకున్నావు? రెప్పపాటు. "ఓలమ్మో, మాటొచ్చీసింది! ఏదీ, నాయనమ్మ అను! తాత అను!" అని మళ్ళీ మీద పడ్డారు. పిల్ల తల్లి కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. ఒళ్ళు మండదూ మరి? మాట వచ్చిందన్నారు గానీ, ఆ మాటేమిటో ఒక్కరూ వినలేదు!

నూకరత్నం కొంగు వదిలేసింది. "మావయ్యా, మీ మరలో ఒకరివి దిగకముందే ఇంకొకరి గింజలు పోస్తారా? పోస్తే పిండేమవుద్ది? నా గింజలింకా దిగలేదు. ఆగండి."

అప్పలకొండ చెయ్యి అలవాటుగా అడ్డం లేచింది. దాలమ్మ ఏదో అనబోతే, "ఆగవే, దిగనీ" అన్నాడు. అది మంచితనం కాదులే, తన మాట తనకే అడ్డొచ్చింది.

"పిల్ల నా దగ్గరే ఉంటాది. నేను టౌనుకి వెళ్తాను. అడగడం లేదు, చెబుతున్నాను" అంది నూకరత్నం. మాట మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా తెగకుండా.

చెల్లెలు ఖాళీ చేతులతో వెళ్ళింది. జాజికి మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. ఇప్పటికీ కొన్ని తడబడతాయి. తడబడితే ఏం, వినేవాళ్ళకి తొందరేమిటి?

ఆ ఇంట్లో వాళ్ళు మారారా అంటావా? వారం తిరక్కుండా మళ్ళీ "అను, అను" మొదలెట్టారు. నూకరత్నం జాజిని తీసుకుని టౌనులో గది అద్దెకి తీసుకుంది. సలోమి టీచరు దగ్గరే పనికి కుదిరింది. మళ్ళీ ఆ మర ఇంటికి కాపురానికి వెళ్ళలేదు.

కథ వెళ్ళె కంచికి,
మాట వచ్చె ఇంటికి,
అడ్డొచ్చే నోళ్ళన్నీ
అటక మీది సంచికి!