గోడ మీద మేక

ఆకాశం కింద ఎవరు ఏ ప్రశ్న అడిగినా తన దగ్గర జవాబుందని కరీముల్లా చెప్పుకునేవాడు. పీరు సాహెబు శిష్యుల్లో అంత చదివినవాడు ఇంకొకడు లేడన్నది నిజమే. ఒకటే చిక్కు. రంగులద్దే సుంకన్న ఇంట్లో చదువు చెప్పడానికి కుదిరినప్పటి నుంచి అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

అడగాల్సినవాళ్లు ఇద్దరు. ఓబులేసు, వాడి చెల్లెలు చిట్టెమ్మ. ఊరికి దూరంగా వంక ఒడ్డున ఇల్లు. దగ్గర్లో బడి లేదు. ఇదివరకు వాళ్లమ్మే అక్షరాలు దిద్దించేది. వానలు మొదలయ్యే ముందు ఆమె జ్వరమొచ్చి చనిపోయింది. అప్పటి నుంచి పిల్లలు చెప్పమన్నది చెబుతారు, రాయమన్నది రాస్తారు. వాళ్లంతట వాళ్లు నోరు విప్పరు.

కరీముల్లా చెయ్యని ప్రయత్నం లేదు. ఎక్కాలకు పాట కట్టాడు. బెల్లం ముక్క ఆశ పెట్టాడు. ఒకసారి ఒంటెలా నడిచి కూడా చూపించాడు. పిల్లలు చూశారు. కాసేపటికి ఒంటె అలసిపోయి కూర్చుంది.

సుంకన్న పని మానేశాడు. పొద్దస్తమానం రంగు తొట్టి గట్టు మీద తల వేలాడేసుకుని కూర్చునేవాడు. చివరికి ఒకనాడు అన్నాడు:

"నా వల్ల కాదు అయ్యవారూ. ఈడే ఉంటే ఈ బిడ్డలు మూగోళ్లయిపోతారు. పిల్లోణ్ణి మా అన్న దగ్గరికి, పాపను మేనత్త దగ్గరికి పంపిస్తాండా. రేపు బండి వస్తాది."

అన్న ఊరు ఒక దిక్కు. మేనత్త ఊరు ఇంకో దిక్కు. ఆ మాట విన్నాక కూడా పిల్లలు ఎందుకని అడగలేదు. చిట్టెమ్మ మాత్రం ఓబులేసు చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

కరీముల్లా వానలో తడుస్తూ గురువు దగ్గరికి పరిగెత్తాడు.

"హజ్రత్, నాకు తెలిసిందంతా వాళ్ల ముందు కుమ్మరించాను. ఒక్క ప్రశ్న పుట్టలేదు."

పీరు సాహెబు వేయించిన శనగలు నములుతున్నాడు. "తెలిసిందంతానా?"

"అంతా."

"మరి ఆ బిడ్డలు కూర్చోడానికి చోటు మిగిలిందా బేటా?"

మర్నాడు ముసురు విడిచి ఎండ కాసింది. పీరు సాహెబు శిష్యుడి వెంట వచ్చేసరికి వాకిట్లో బండి ఆగి ఉంది. సుంకన్న తొట్టి గట్టు మీదే ఉన్నాడు. దండెం మీద ఒకే ఒక పసుపుపచ్చ గుడ్డ. అతని భార్య ఆఖరున రంగులో ముంచి ఆరేసింది. ఇన్నాళ్ల వానకు నాని వెలిసిపోతున్నా సుంకన్న దాన్ని ఎవరినీ తియ్యనివ్వలేదు.

చదువు గది అంటే పాత రంగుసామాన్ల కొట్టు. కిటికీ లేదు. వాళ్లమ్మ ఉన్నప్పుడు పిల్లల్ని అందులో కాలు పెట్టనిచ్చేది కాదు. వాకిట్లో కదిలే ప్రతిదాని మీదికీ మనసు పోతుందని కరీముల్లా తలుపు మూసి, దీపం పెట్టి పాఠం చెప్పేవాడు.

పీరు సాహెబు గదంతా కలయజూశాడు. తలుపు చెక్కలో ముడి ఊడిపోయిన చోట శనగ గింజంత చిల్లు. అందులో గుడ్డపేలిక కుక్కి ఉంది.

"ఇదెందుకు?"

"వెలుగొస్తే... ధ్యాస చెదురుతుంది హజ్రత్," అన్నాడు కరీముల్లా, ఎటో చూస్తూ.

పీరు సాహెబు పిల్లల్ని లోపలికి పిలిచి, తలుపు మూసి దీపం ఊదేశాడు. తలుపు పక్క గోడకు వీపు ఆన్చి, ఎదుటి సున్నపు గోడకేసి తిరిగి, తోలుబొమ్మలాటకు వచ్చినవాడిలా నేల మీద చతికిలబడ్డాడు. పిల్లలకు చెరో గుప్పెడు శనగలు పెట్టాడు. తర్వాత చెయ్యి పక్కకు చాపి చిల్లులోని పేలిక లాగేశాడు.

మొదట ఏమీ కనబడలేదు. కళ్లు చీకటికి అలవాటు పడే కొద్దీ గోడ మీద వాకిలి తేలింది. తలకిందులుగా. బండి చక్రాలు పైకున్నాయి. పసుపుపచ్చ గుడ్డ కింది నుంచి పైకి మంటలాగా ఊగుతోంది. ఒక మేక కాళ్లు పైకి పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ పోయింది. తొట్టి గట్టు నుంచి సుంకన్న గబ్బిలంలా వేలాడుతున్నాడు.

చిట్టెమ్మ నమలడం ఆపింది.

"నాయన కింద పడిపోడా?"

పీరు సాహెబు ఇంకో శనగ గింజ నోట్లో వేసుకున్నాడు.

ఓబులేసు లేచి వెళ్లి గోడ తడిమాడు. వెనక్కొచ్చి చిల్లుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. వాకిలి మాయమైంది. తీశాడు. వచ్చింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. ఉన్నట్టుండి తలుపు తెరుచుకుని బయటికి ఉరికి, వెనకే దాన్ని మూసేశాడు.

"రేయ్ అన్నా! నీ కాళ్లు పైనుండాయి!" చిట్టెమ్మ కేక పెట్టింది. "ఎగురు! ఎగర్రా!"

వాడు ఎగిరాడు. ఎగిరినప్పుడల్లా గోడ మీద కిందికి జారాడు.

ఆ కేక వాకిట్లోకీ వినబడింది. గోడ మీది సుంకన్న తల కదిలింది. తలకిందుల ఓబులేసు తలకిందుల తండ్రిని చెయ్యి పట్టి గుంజుతున్నాడు.

ఇద్దరూ లోపలికొచ్చారు. తలుపు మూశారు. సుంకన్న కూతురి పక్కన కూలబడి, ఆ పసుపు రంగునే చాలాసేపు చూశాడు. చీకట్లో అతని మొహం ఎవరికీ కనబడలేదు.

"సుంకన్నా, ఎద్దులు కట్టేదా?" బయటి నుంచి బండివాడు అరిచాడు.



"అయ్యవారూ," అన్నాడు ఓబులేసు. "అన్నీ ఎందుకు తలకిందులైనాయి?"

ఇన్నాళ్లుగా కాచుకున్న ప్రశ్న. కరీముల్లా నోరు తెరిచాడు. చదివిన గ్రంథాలన్నీ మనసులో తిరగేశాడు. గురువు వైపు తిరిగాడు.

"నన్ను చూస్తావేం?" అన్నాడు పీరు సాహెబు. "అడిగింది నిన్ను."

"నాకు... తెలీదు."

పిల్లలిద్దరూ అతని వైపు తిరిగి చూశారు. ఒంటెను కూడా వాళ్లు అట్లా చూడలేదు. చిట్టెమ్మ కొంచెం జరిగి పక్కన చోటిచ్చింది.

"అయితే మీరూ కూకోండి."

కూర్చున్నాడు. బండివాడు మళ్లీ అరిచాడు.

"ఈ పొద్దుకు వద్దులే. నువ్వు పో," అన్నాడు సుంకన్న.

గోడ మీద బండి చక్రాలు పైకెత్తుకుని మెల్లగా కదిలి, అంచు దాటి పోయింది.

"అది సరే. ఆ పేలిక ఎవరు కుక్కినారు?" ఓబులేసు అడిగాడు. "మేం కాదు."

కరీముల్లా అరచేతిలో శనగ గింజను అటూ ఇటూ దొర్లించాడు.

"నేనే. మొదటిరోజు ఎండ కాస్తోంది. మీరింకా రాలేదు. తలుపు మూసి దీపం వెలిగించబోతుంటే, గోడ మీద మేక తలకిందులుగా పోయింది." గొంతు బాగా తగ్గించాడు. "దయ్యమనుకున్నా."