పడవను ముంచింది గేదె కాదు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా లోవరాజు మావ. సంగానివారి లోవరాజు. పడవ చెక్కల సందుల్లో నార కూరి గుగ్గిలం పూయడం ఆయన పని. ఆయన పూసిన పడవలో చుక్క నీరు చూసినవాడు లేడు, ఆయన చెప్పిన కథలో చుక్క అబద్ధం చూసినవాడూ లేడు. మీరు విన్న కథ వేరే ఉంటుంది. అందులో గేదె ఎక్కిందట, పడవ మునిగిందట, "ఎవరి బరువు వాళ్ళు తెలుసుకోవాలి పిల్లలూ" అని చివర్న నీతట. ఎవడో నోటికొచ్చింది వాగాడు, మిగతావాళ్ళు తలకాయలూపారు. ఇప్పుడు అసలుది వినండి. మధ్యలో లేవొద్దు.

గోదారి నడుమ ఒక లంక. ఆ ఏడు కోతలయ్యాయి, నూర్పిళ్ళయ్యాయి, మళ్ళీ ఏరువాక దాకా పశువులకి పని లేదు. లంకలో పుట్టి లంకలోనే మేసిన జంతువులు. ఈ సెలవుల్లో ఎలాగైనా ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళి చూసి రావాలని ముచ్చటపడ్డాయి. అందరికంటే ఎక్కువ ముచ్చట ముసలి గేదెకి. పదకొండు ఈతలు ఈనింది, లంకలో సగం ఇళ్ళకి పాలు పోసింది. "అవతలి గట్టు కనపడని నీళ్ళంటే ఎలా ఉంటాయో ఒక్కసారి చూసి కన్నుమూస్తాను" అనేది.

రేవులో రెండు పడవలున్నాయి. ఒకటి నక్కది. ఎరుపూ పసుపూ రంగులు, పైన మేడ, ముందు పూలదండ, పేరు పూలరథం. రెండోది నీరుకుక్కది. దానికి రంగూ లేదు, పేరూ లేదు. నల్లగా, గుగ్గిలం కంపు కొడుతూ ఓ మూల కట్టేసి ఉంది.

నక్క రేవు మెట్టెక్కి అందుకుంది.

"రండి బావా, రండి చెల్లెమ్మా! ఏటివైపు కిటికీ ఉన్న గదులున్నాయి. మేడ మీద చలవ పందిరి. మూడు పూటలా తవుడు కలిపిన కుడితి, ఎంత తాగితే అంత. సాయంత్రం కప్పల మేళం!"

"పిల్లలకేముంది అన్నా?" అంది కోడిపెట్ట. దాని వెనక ఏడు పిల్లలు.

"నీళ్ళలోకి జారే జారుడుబల్ల ఉంది చెల్లెమ్మా!"

ఏడు పిల్లలూ ఒక్కసారే కీచుమన్నాయి.

మేకపోతు గడ్డం దువ్వుకుంటూ నీరుకుక్క దగ్గరికి వెళ్ళింది. అన్నీ పోల్చి చూసి తేల్చే పెద్దమనిషి హోదా తనకి తనే ఇచ్చుకుంది. ఎవరూ ఇవ్వలేదు.

"ఏరా, నీ పడవలో ఏముంది?"

"మొగ దాకా వెళ్తుంది. తిరిగొస్తుంది."

"అంతేనా?"

"పడవకి ఇంకేం కావాలి?"

"మేత?"

"ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి."

"మేళం?"

"మీరు నోరు మూసుకుంటే ఏటి చప్పుడు వినపడుద్ది."

"పొగరు చూడు వీడికి!" అని మేకపోతు వెనక్కొచ్చేసింది.

గేదె గట్టున పడుకుని ఇదంతా వింది. నీళ్ళంటే ఏమిటో లంకలో దానికి తెలిసినంత ఎవరికీ తెలీదు. లేచి నక్క పడవెక్కింది. మేడ చూడలేదు, పూలదండ చూడలేదు. తిన్నగా పడవ అడుక్కి దిగి, "నీళ్ళు తోడే చెంబు చూపించు" అంది.

నక్క క్షణం తడబడింది. అయినా నక్క కదా, చెంబు తీసి ఎండలో పైకెత్తింది. ఇత్తడి చెంబు, అద్దంలా తళతళా మెరిసింది. "అబ్బ!" అన్నాయి అన్నీ.

గేదె ఆ పడవ దిగి నీరుకుక్క పడవెక్కింది. "నీ చెంబేదిరా?"

నీరుకుక్క మూలకి చూపించింది. చెంబు చిలుము పట్టి పచ్చబడిపోయింది. మూతికడ్డంగా సాలెగూడు, నడిమధ్య సాలీడు, దాని పక్కన గుడ్ల సంచీ.

"ఛీ ఛీ!" అంది మేకపోతు. "చెంబు తోముకోవడం చేతకానివాడి పడవా మనం ఎక్కేది?"

గేదె మెట్టు మీదికొచ్చి నిలబడింది. "ఒరే మేకా, గడ్డం పెంచావు, బుర్ర కూడా పెంచు. పడవలో చెంబెందుకు? అడుగున ఊరిన నీళ్ళు తోడి పారబోయడానికి. నక్క చెంబెందుకు మెరుస్తోంది? రోజూ ఇసుక నీళ్ళు తోడీ తోడీ అరిగింది. ఈ చెంబుకి సాలెగూడెందుకు పట్టింది? దాంతో పనిపడక. ఎక్కితే సాలెగూడున్న పడవే ఎక్కండి. రెండోది పైన పటారం, లోన లొటారం."

అర్థం కావడానికి ఇంతకంటే ఏం చెప్పాలి? చంటిపిల్లకైనా అర్థమవుతుంది. కానీ నక్క పకపకా నవ్వింది.

"అత్తకి శుభ్రమంటే పడదర్రా! పొద్దస్తమానం బురదలో పొర్లే ఒంటికి చిలుమే గంధం."

అంతే, రేవంతా ఒకటే నవ్వు. మేకపోతు నవ్వింది, గాడిద నవ్వింది, ఏమీ అర్థం కాని గొర్రెలు కూడా నవ్వాయి. ఆ పూట అక్కడ నవ్విన ప్రతి నోరూ లోవరాజు మావకి గుర్తే. నాకూ గుర్తే.

కోడిపెట్ట మాత్రం గేదె చెవి దగ్గరికొచ్చింది. "అక్కా, నువ్వు చెప్పింది నిజమేనేమో. కానీ పిల్లలు జారుడుబల్ల జారుడుబల్ల అని ఏడుస్తున్నారు."

"ఏడిస్తే ఏడవనీ. ఏడ్చే పిల్లలు బతికున్న పిల్లలు."

"అందరూ అటే వెళ్తుంటే నేనొక్కదాన్నీ..."

"సరే పో. అందరితో పో" అని గేదె తల తిప్పేసుకుంది. కోపంతో దాని ముక్కుపుటాలు అదురుతున్నాయి.

ఇక్కడ చెవులు రిక్కించి వినండి. మేకపోతు, గాడిద, కోడిపెట్ట, ఏడు పిల్లలు నక్క పడవెక్కాయి. గొర్రెలకి చోటు చాలక గట్టునే ఉండిపోయాయి. గేదె ఎక్కింది నీరుకుక్క పడవ. నక్క పడవలో దాని తోక వెంట్రుక కూడా లేదు.

అందరూ ఎక్కాక రెండు పడవలూ కదిలాయి. పూలరథం ముందు, నల్ల పడవ వెనక. కప్పల మేళం దంచేస్తోంది. ఎందుకంత దంచుడు? కింద నక్క చెంబుతో నీళ్ళు తోడే చప్పుడు పైకి వినపడకుండా! రోజూ ఉత్త పడవకే తోడలేక చచ్చేది. ఆ రోజు బరువు పడేసరికి సందులన్నీ నోళ్ళు తెరిచాయి. ఏటి నడుమకి వచ్చేసరికి నక్క చెయ్యి పడిపోయింది. నడుం పట్టుకుని పైకొచ్చి ఏమందో తెలుసా?

"ఇంకో వింత చూపిస్తాను బావా! కింది గదుల్లోకే ఏరొచ్చింది. ఇక గదిలో కూర్చునే జలకాలాడొచ్చు!"

"భలే భలే!" అని మేకపోతు దిగి కాళ్ళు తడుపుకుంది. "నీరుకుక్క పడవలో ఉందిరా ఇలాంటి సుఖం?"

"చల్లగా ఉంది గానీ బావా, మోకాళ్ళ దాకా వచ్చిందేం?" అంది గాడిద.

"ఇంకాసేపటికి నడుం దాకా వస్తుంది, తొందరపడకు" అంది మేకపోతు.

మెడ దాకా వచ్చింది. మేళం ఆగిపోయింది. కప్పలకేం, గెంతి పోయాయి. మేడ ఓ పక్కకి ఒరిగింది, పూలదండ తెగి నీళ్ళ మీద తేలింది. "నా పిల్లలో! నా పిల్లలో!" అని కోడిపెట్ట పెట్టిన కేకకి ఏరు దద్దరిల్లింది.

గేదె రెండో మాట లేకుండా నీళ్ళలోకి దూకింది. ఒక మాటు మునిగి లేచేసరికి కోడిపెట్ట వీపు మీదుంది. కొమ్ముల మీద ముగ్గురు పిల్లలు, మెడ మీద నలుగురు. మేకపోతు తోక పట్టుకుని వేలాడింది, ఆ గడ్డమంతా నాచు. గాడిద కాళ్ళు కొట్టుకుంటూ ఎలాగో గట్టు చేరింది. నక్క చేతిలో చెంబుతో ఒక చెక్కని కరుచుకుని, "అత్తా! నన్నూ ఎక్కించుకో అత్తా!" అని అరిచింది.

"వద్దు నాయనా. నా వీపు నిండా బురద. నువ్వు శుభ్రం గలవాడివి. చెంబు మెరుస్తూనే ఉందిగా, గోదారి తోడెయ్యి."

అలా అని చావనివ్వలేదు. కొమ్ముతో ఒక్క నెట్టు నెట్టి పక్కనున్న ఇసుక తిప్ప మీద పడేసింది. చుట్టూ నీళ్ళు, నడుమ నక్క, చేతిలో చెంబు. తినడానికి పీతలున్నాయి, వినడానికి మేళం లేదు.

మిగతా అందరూ నీరుకుక్క పడవెక్కారు. ఇక్కడ ఇంకోటి గమనించండి. ముందునుంచీ గేదె ఆ పడవలోనే ఉంది, ఇప్పుడు మేకపోతూ కోడీ పిల్లలూ కూడా చేరాయి. పడవ మునిగిందా? చెంబు కదిల్చే పని పడిందా? సాలీడు దాని గూట్లో అది కూర్చునే ఉంది.

మేకపోతుకి ఎవరి వంక చూడ్డానికీ మొహం చెల్లలేదు. "నాకు నీటిగాలి పడదు, నన్ను లంక గట్టున దింపెయ్" అంది. దింపారు. కాలికి తడి ఆరకముందే రేవుకి పరిగెత్తింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

"ఏమైంది మావా?" అని గొర్రెలు మూగాయి.

నేనే తప్పు పడవ ఎంచాను అని చెప్పుకోవాలంటే గడ్డం అడ్డొచ్చింది.

"గేదె ఎక్కింది, మునిగింది" అంది.

రెండు ముక్కలు. అంతే. ఆ రెండు ముక్కలే ఈనాటికీ తిరుగుతున్నాయి.

అక్కడ మొగ దగ్గర ఇవేమీ తెలియని గేదె పడవ అంచున నిలబడి సముద్రం చూస్తోంది. చాలాసేపు కన్నార్పలేదు. చిన్న కోడిపిల్ల కొమ్మెక్కి, "అవ్వా, అవతలి గట్టేది?" అంది.

"లేదే. వెతక్కు. ఊరికే చూడు."

నాలుగో రోజు తిరిగొచ్చేసరికి, "అదిగో, పడవను ముంచిన గేదె!" అంది రేవంతా. కోడిపెట్ట గొంతు చించుకుని జరిగింది చెప్పింది. కోడి కూతకేముందిలే అన్నారు. గేదె ఒక్కటే మాటంది. "నేనెక్కిన పడవ ఇదిగో. వంగి చెంబు చూడండి."

చెంబులో సాలెగూడు చెక్కుచెదరలేదు. గుడ్లు పగిలి బుజ్జి సాలీళ్ళు మూతి చుట్టూ పాకుతున్నాయి. ఒక్కడు వంగి చూస్తే చాలు. ఒక్కడూ వంగలేదు. చూస్తే ఆ రోజు నవ్వినందుకు సిగ్గుపడాలి మరి. గేదె బురదలోకి వెళ్ళిపోయింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఎన్నాళ్ళు నిలబడాలండీ అది?

మెరిసే చెంబు చూసి పడవెక్కకు; ఎక్కి మునిగితే, మోసిన వీపు మీద నింద వెయ్యకు.

మా రేవులో పాక గోడ మీద ఈ కథ బొమ్మ ఉంది. మునిగే పడవ, అందులో గేదె, గట్టున గడ్డం దువ్వుకుంటూ మేకపోతు. కింద రాసిన ఆ బరువు నీతి కూడబలుక్కుని చదవడానికి నాకో పూట పట్టింది. చదివాక అన్నం సయించలేదు. బొమ్మలేసే చెయ్యి ఉన్నవాళ్ళెవరైనా ఒక్కసారి వచ్చి ఆ గేదెను పడవలోంచి తీసి నీళ్ళలో పెట్టండి. వీపు మీద కోడిని పెట్టండి. పిల్లలు ఏడుగురు, ఆరు వేస్తే ఒప్పుకోను. మేకపోతును తోకకి వేలాడదీయండి. నల్ల పడవ మూల చిలుము పట్టిన చెంబు, దాని మీద సాలెగూడు మర్చిపోవద్దు. కింద ఉన్న రాత గీకేసి, "పడవను ముంచింది గేదె కాదు" అని రాయండి. పెద్ద అక్షరాలు. నాబోటివాడు కూడా ఒక్క చూపుకి చదివేలా.