ఉప్పుగల్లులో నీటిచుక్క కోపం

ఒకప్పుడు ఉప్పుగల్లు నిప్పులో పడితే చప్పుడు చేసేది కాదు. మట్టిబెడ్డలా పడి ఉండేది.

ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డున గైరమ్మ అనే ఆమె ఉప్పు పండించేది. కాలువ తవ్వి, సముద్రపు నీళ్లను మడిలోకి పిలిచేది.

"మీ ఉప్పు ఇక్కడ దించేసి, ఎండ పట్టుకుని మబ్బుల్లోకి పొండి. ఒక్క చుక్కనీ ఆపను" అని మాటిచ్చేది.

నీళ్లు నమ్మి వచ్చేవి. ఉప్పు తెట్టు కట్టగానే ఆమె చెక్కపారతో కదిపేది. అడుగున చిక్కిన చుక్కలు కూడా ఎగిరిపోయేవి. ఉప్పు సన్నగా మిగిలేది.

ఆ సన్న ఉప్పంటే మొగుడు దండాసికి చిన్నచూపు.

"ఇదేం ఉప్పే, రవ్వలాగ! కదపకుండా వదిలెయ్. రేగుపండంత గల్లు కడుతుంది."

"గల్లు కడితే లోపలి నీళ్లకు దారేదయ్యా? నేను మాటిచ్చాను."

"నీళ్లకు మాటేంటి! సంతలో నా పరువు పోతోంది."

గైరమ్మ పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి మడి నిండా లావుపాటి గల్లులు. దండాసి పార ముట్టుకుంటే ఒట్టు!

ఆమె ఒక గల్లు తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"దారి మూసేశావేం, అబద్ధాలకోరు!" లోపల చుక్క ఏడుస్తోంది.

కాలువ వైపు చూసింది. అలలు దాని నోటిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. ఒక్క చుక్కా లోపలికి రావడం లేదు. నీళ్లు రాకపోతే ఇక ఉప్పెక్కడిది? కూడెక్కడిది?

గైరమ్మకు ఒళ్లు మండిపోయింది. చేటెడు గల్లులు తెచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్న మొగుడి ముందు కుమ్మరించింది.

"నా మాట మంటగలిపావు కదయ్యా! విను, లోపల ఏడుస్తున్నారు."

"ఎవరు? మా అత్తగారా?" దండాసి పగలబడి నవ్వి, గుప్పెడు గల్లులు పొయ్యిలోకి విసిరాడు. "ఏదీ, పలకమను!"

గల్లులు పలకలేదు. దండాసి మీసం దువ్వాడు.

గైరమ్మ పొయ్యి మీదికి వంగి అరిచింది. "అలా పడి ఉంటారేం! నా ఉప్పు పాడవుతుందని ఆగకండి. గోడలు బద్దలుకొట్టుకుని పొండి!"

చిట్! పట్! చిటపటా!

గల్లులు పేలాయి. ఒక ముక్క ఎగిరి దండాసి మీసం కాల్చింది. చుక్కలు ఆవిరై, అతన్ని తిట్టుకుంటూ పైకి పోయాయి.

"ఇప్పుడు నవ్వు!" అంది గైరమ్మ.

బయట కాలువలో నీళ్లు గలగలమన్నాయి. ఆమెను మళ్లీ నమ్మి వచ్చాయి గానీ, ఆ కోపం మాత్రం మరచిపోలేదు. ఎంత కదిపినా ఏదో ఒక గల్లులో ఓ చుక్క చిక్కుతూనే ఉంటుంది మరి.

దిష్టి పేలిందంటారు కొందరు. దిష్టీ లేదు, గిష్టీ లేదు. అప్పటినుంచే ఉప్పుగల్లు నిప్పులో పడితే, లోపలి చుక్క చిటపటమని తిట్టి, గోడ బద్దలుకొట్టుకుని మరీ పోతోంది.