మరిదిగారి ముద్ర

సంతలో బెల్లం అమ్ముకునే పైడమ్మ గుండెల్లో రాయి పడింది. వాగీశ్వరుడనే మహాపండితుడి దగ్గర 'వర్తక విశారద' పట్టా పుచ్చుకోనివాళ్లు కొట్లు ఎత్తేయాలని సంతపెద్ద చాటింపు వేయించాడు. గడప దాటనక్కర్లేదట, పాఠాలు తాటాకుల మీద ఇంటికే వస్తాయట, పైగా కారుచవకట!

పండితుడు సంతపెద్దను వెంటబెట్టుకుని బెల్లానికి వచ్చాడు.

"మీ పట్టాకు గుర్తింపు ఎవరిచ్చారు సామీ?" అంది పైడమ్మ.

"అఖిలభువన విద్యాపరిషత్తు! అధ్యక్షుడు స్వయానా మా బావమరిది."

"అబ్బో!" అని పైడమ్మ దారిలో పడున్న రాయొకటి తీసి తక్కెడలో వేసింది.

పండితుడు మండిపడ్డాడు. "రాజముద్ర లేని రాయితో తూస్తావా?"

"దీనికి అఖిలభువన తూనికల పరిషత్తు గుర్తింపుంది సామీ. అధ్యక్షుడు మా మరిది."

"నీ మరిది గుర్తింపు ఎవడిక్కావాలి? అసలు రాయి తియ్యి!"

పైడమ్మ బుద్ధిగా రాజముద్ర ఉన్న రాయి తీసి వేసింది. "నా దగ్గర అసలుది కూడా ఉంది. మరి మీ దగ్గర?"

సంతపెద్ద మొన్ననే పుచ్చుకున్న తన పట్టాను మెల్లిగా మొలలో దోపుకుని, చాటింపు రద్దన్నాడు.