రాజుగారి పప్పులో ఉప్పు

రాజుగారి వంటను ముందుగా రుచి చూస్తే ఎంగిలి. అందుకే వంటలక్క సూరాంబ ఇరవై ఏళ్లుగా చేతి అంచనాతోనే ఉప్పు వేస్తోంది. ఆ రోజు రాజు నిమ్మకాయ ఊరగాయ బాగా నాకి, పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే కంచం తోసేశాడు.

"పప్పులో ఉప్పేదీ? దీని వేళ్లు నరకండి!"

మరిచిపోయానేమోనని సూరాంబకే అనుమానం వచ్చింది. పక్కన వడ్డిస్తున్న కూతురు వెంగమాంబ మాత్రం చెంబుతో నీళ్లు అందించింది.

"నోరు పుక్కిలించండి ప్రభూ. మళ్లీ పప్పు తెస్తాను."

రాజు పుక్కిలించి, కొత్తగా వడ్డించిన పప్పు రుచి చూశాడు.

"ఆహా! ఉప్పంటే ఇలా పడాలి. ఇదెవరు వండారు?"

"మా అమ్మే ప్రభూ. రెండూ ఒకే కుండలోవి."

రాజు గుడ్లురిమాడు. "అంటే తప్పు నా నాలుకదా?"

"అపచారం! తప్పు ఊరగాయది. అంత ఉప్పు తగిలాక ఏ పప్పయినా చప్పగానే ఉంటుంది. పోనీ దాన్ని నరికిద్దామంటే, అది ముందే ముక్కలై ఉంది."

రాజు పొలమారేదాకా నవ్వి, కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

సూరాంబ మాత్రం తన కడుపున పుట్టిన పిల్లను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, కళ్లప్పగించి అలాగే నిలబడిపోయింది.