బంటమ్మ పరుగు పట్టీలు

ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవిలో వాగు ఎండిపోయేది. ఇక జింకలు గొంతు తడుపుకోవాలంటే దూరంగా ఉన్న ఏటికి పోవాల్సిందే. మధ్యలో నీడన్నది లేని రాళ్ళ బీడు. ఆ బీడులో చిరుతపులి కాపురం. అందుకని జింకల మంద తెల్లారుతూనే బయలుదేరి, ఎక్కడా ఆగకుండా ఒకే ఉరుకున బీడు దాటేది. ఆగితే ప్రాణాలకే ముప్పు.

బీడు మొదట్లో, గుట్ట కింద, బంటమ్మ అనే ఎలుగుబంటి ఒక్కతే ఉండేది. ఎలుగులకు మంద ఉండదు, ఒంటరి బతుకు వాటికి అలవాటే అంటారు. అలవాటైతే బాధ ఉండదని చెప్పినవాడెవడో గానీ, బంటమ్మను చూసి ఉండడు.

ఒక ఏడు పరుగు మధ్యలో జింకపిల్ల ఒకటి కళ్ళు తిరిగి పడిపోవడం ఆమె కళ్ళారా చూసింది. అప్పటినుంచీ మందకు పెట్టడానికి బెల్లం పట్టీలు చెయ్యడం మొదలుపెట్టింది. వేరుశెనగ గుళ్ళు వేయించి పొట్టు చెరిగేది. నువ్వులు చిటపటలాడగానే దించేది. ఎండబెట్టిన ఇప్పపువ్వు నలిపి వేసేది. బెల్లంలో తేనె పోసి పాకం పట్టేది. పొయ్యి ఎక్కడిదని అడక్కండి, మాట్లాడే ఎలుగును నమ్మినవాళ్ళు పొయ్యిని కూడా నమ్మాలి మరి!

అసలు పనితనమంతా పాకంలోనే ఉంది. చన్నీళ్ళలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. అక్కడే దించేస్తే పట్టీ నోట్లో ఇట్టే కరుగుతుంది, పరుగెత్తుతూనే తినెయ్యొచ్చు. ఇంకాస్త సేపు ఉంచితే జీళ్ళ పాకమైపోతుంది. అది పళ్ళకు పట్టుకుందంటే వదలదు.

"పెద్దమ్మా, పెట్టు పెట్టు! పొద్దెక్కిపోతోంది!" అంటూ వచ్చేవాడు మందకు పెద్ద అయిన కొమ్మన్న.

"ఎప్పుడూ ఆ పరుగేనా? కాస్సేపు కూర్చోండర్రా!"

"రేపు కూర్చుంటాంలే పెద్దమ్మా!"

ఆ మాట అనేలోపే మంద బీడులో ఉండేది. దుమ్ము అణిగాక బంటమ్మ బాణలి తోముకుంటూ దానితోనే మాట్లాడేది. "ఇవాళ ఇప్పపువ్వు కాస్త ఎక్కువైందేమో, ఏమంటావ్?" బాణలి ఏమంటుంది? ఆమెకు ఏడుపొచ్చేది.

ఒకనాడు గుంటయ్య అనే నక్క వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. వాడి కన్ను ఎప్పటినుంచో మందలోని బుల్లి అనే జింకపిల్ల మీద ఉంది. పరిగెత్తే మందలో పిల్లను పట్టడం వాడి తరం కాలేదు.

"ఏం అక్కా, అలా దిగాలుగా ఉన్నావ్?"

ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్ళైందో! బంటమ్మ మనసులో ఉన్నదంతా కక్కేసింది. గుంటయ్య మధ్యమధ్యలో "అయ్యో", "పాపం" అంటూ చివరిదాకా విన్నాడు.

"తప్పు వాళ్ళది కాదక్కా, నీ పాకానిది. అంత మెత్తగా చేస్తే ఎవరు ఆగుతారు? కాస్త ముదరనివ్వు. నమలాలంటే వాళ్ళే కూర్చుంటారు. కూర్చుంటే నువ్వు కబుర్లు చెప్పొచ్చు."

"అది జీళ్ళ పాకమైపోతుంది తమ్ముడూ. నోరు కదలదు."

"నోరు వాళ్ళది కదలకపోతేనేం, నీది కదులుతుందిగా!"

బంటమ్మకు చిరుత గుర్తుకు రాకపోలేదు. ఒక్కపూటకు ఏం కొంప మునుగుతుందిలే అనుకుంది. మర్నాడు పాకం దించాల్సిన చోట దించకుండా, గరిటె పట్టుకుని కావాలనే అటు తిరిగి కూర్చుంది.

పట్టీ కొరికిన జింకలు నాలుగు అంగలు కూడా వెయ్యలేకపోయాయి. దవడలు అతుక్కుపోయాయి. నోరు తెరిచి రొప్పలేకపోతే పరుగెలా సాగుతుంది? ఒక్కొక్కటే వచ్చి బంటమ్మ ముందు కూలబడ్డాయి.

"మ్మ్... ఎమ్మా..." అన్నాడు కొమ్మన్న.

"నెమ్మదిగా నములు నాయనా, తొందరేముంది!"

ఇక చూసుకోండి ఆమె సంబరం! అరికాల్లో ముల్లు గుచ్చుకున్న సంగతి చెప్పింది. పోయిన వానకు గుట్ట మీదినుంచి బండ దొర్లిన సంగతి చెప్పింది. అన్ని కళ్ళూ తనవైపే చూస్తున్నాయి. ఆ కళ్ళల్లో గాబరా ఉందని ఆమె గమనించలేదు. గుండె నిండిపోయింది పాపం.

అంతలో పక్కనున్న పొద కదిలింది. గుంటయ్య నేలకు కరుచుకుని పాకుతూ బుల్లి వైపు వస్తున్నాడు. బుల్లి వాణ్ణి చూసింది. అమ్మా అని అరవబోయింది. నోరు పెగల్లేదు.

బంటమ్మకు అప్పుడు అర్థమైంది, వాడు నిన్న తన గోడు ఎందుకు విన్నాడో. విడమరిచి చెప్పే వ్యవధి లేదు. రెండు కాళ్ళ మీద లేచి, అడవి దద్దరిల్లేలా గర్జించి, పంజాలెత్తి మంద మీదికే ఉరికింది.

జింకలు హడలిపోయాయి. ఊపిరాడకపోయినా బుల్లిని మధ్యలో పెట్టుకుని, వచ్చిన దారినే చెట్లలోకి పారిపోయాయి. గుంటయ్య ఎగిరి దూకాడు గానీ నోటికి మట్టే దక్కింది. లేవబోయేసరికి వాడి తోక మీద బంటమ్మ కూర్చుని ఉంది.

"అక్కా, నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు తమ్ముడూ. మిగిలిన పట్టీ తిని పో."

నోరు తెరిపించి ఇంత ముక్క కుక్కింది. వాడి దవడలు బిగుసుకుపోయాయి. బంటమ్మ ఆపేసిన చోటినుంచి బండ కథ అందుకుంది. సగంలో ఆగి, "వింటున్నావా?" అని అడిగింది.

గుంటయ్య తోక వంకే చూస్తూ తల గబగబా ఊపాడు. ఆ ఊపు చూశాక ఆమెకు కథ పూర్తి చెయ్యాలనిపించలేదు. ఇందాక జింకలు కూడా ఇలాగే విన్నాయి కదా అనుకుంది. సిగ్గేసింది. లేచి నిలబడింది. గుంటయ్య సగం తోక వెంట్రుకలు అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. మళ్ళీ ఆ చాయలకు రాలేదు.

జింకలూ రాలేదు. పెద్దమ్మకు పిచ్చెక్కిందని చెప్పుకుని, గుట్టకు అవతలివైపు నుంచి దారి మార్చుకున్నాయి. జరిగింది చెబుదామంటే, బంటమ్మ కనిపిస్తే చాలు, ఆమడ దూరం పారిపోతున్నాయి.

ఆమె మళ్ళీ పొయ్యి వెలిగించింది. మెత్తటి ఉండ కట్టగానే పాకం దించింది. మోదుగాకుల్లో పట్టీలు పేర్చి, కొత్త దారిలో ఒక రాయి మీద పెట్టి, తనను చూసి బెదరకుండా పొద వెనక్కి పోయి నక్కింది.

మంద వచ్చింది. కొమ్మన్న వాసన చూసి తటపటాయించాడు. ఆగలేక బుల్లి ఒకటి కొరికి, "మెత్తగానే ఉంది మామా!" అని నములుతూనే బీడులోకి ఉరికింది. మిగతావాళ్ళూ తలొకటి అందుకుని పరుగెత్తారు. ఒక్కరూ ఆగలేదు. పెట్టిందెవరని అడగనూ లేదు.

"జాగ్రత్తర్రా," అంది బంటమ్మ, తనకే వినబడేంత మెల్లగా. దుమ్ము అణిగేదాకా ఉండి, ఖాళీ ఆకులు ఏరుకుని ఇంటిదారి పట్టింది.

నోరు కట్టేసి కూర్చోబెడితే వినేవాళ్ళు దొరుకుతారేమో గానీ, తోడు మాత్రం దొరకదు.