నన్ను కూడా నమ్మొద్దన్న మనిషి

చీరాలలో చీరల కొట్టు నడిపే భావనారాయణకు ఈ లోకంలో ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. గుమాస్తా భోజనానికి బయల్దేరితే టిఫిన్ క్యారియర్ గిన్నెలు విప్పి చూసేవాడు. గుడికి వెళ్తే చెప్పులు సంచిలో వేసుకుని, ఆ సంచి చంకలో ఇరికించుకుని దేవుడికి దణ్ణం పెట్టేవాడు. బ్యాంకువాళ్ళు క్రెడిట్ కార్డు ఇస్తామని ఇంటికి వస్తే, "ఊరికే ఎందుకిస్తారయ్యా? ఏదో మెలిక ఉంటుంది" అని గుమ్మంలోంచే పంపేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈయన అనుమానమూ ఆ బాపతే.

ఆయన చెల్లెలు మాణిక్యం మలేషియాలో కాపురం ఉండేది. ఆమె ఒక్కగానొక్క కూతురు నీలవేణికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసినవాడు మేనమామ. నీలవేణికి ఉన్నది ఒక్కడే మేనమామ. "ఎవరొచ్చినా రాకపోయినా నా బుట్ట మా మామయ్యే మొయ్యాలి" అని ఆ పిల్ల ఫోనులో పదిసార్లు చెప్పింది. భావనారాయణకు మేనకోడలంటే ప్రాణం. తీరా మోసేటప్పుడు నడుం పట్టేస్తుందేమోనని నెల రోజుల పాటు పెరట్లో బియ్యం బస్తా ఎత్తి దించి అలవాటు చేసుకున్నాడు.

అంత ప్రేమ ఉన్నవాడు రెండు రోజుల ముందే వెళ్ళొచ్చు కదా? వెళ్ళలేదు. కొట్టు గుమాస్తాల మీద వదలడానికి మనసొప్పక, సరిగ్గా పెళ్ళిరోజు తెల్లవారేసరికి దిగేలా టికెట్లు కొన్నాడు. "విమానాశ్రయానికి కారు పంపిస్తాను బావగారూ" అని మాణిక్యం భర్త అన్నాడు. "వద్దు, నేనే అద్దె కారు తీసుకుని నడుపుకుంటూ వస్తాను" అన్నాడు భావనారాయణ. ఇవాళ కారు పంపి, రేపు పదిమందిలో ఆ మాట ఎత్తుతాడని ఆయన భయం.

ఉదయం ఆరింటికి భావనారాయణ, భార్య సౌభాగ్యమ్మ విమానం దిగారు. ముహూర్తం పదకొండు గంటలకు. మాణిక్యం వాళ్ళ ఊరు మూడు గంటల దారి. కార్లు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర తలకు గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నవ్వుతూ పలకరించి క్రెడిట్ కార్డు అడిగింది.

"లేదు" అన్నాడు భావనారాయణ.

"ఫరవాలేదు. డెబిట్ కార్డు ఇవ్వండి. కాకపోతే డిపాజిట్ కొంచెం ఎక్కువ పట్టి ఉంచుతాం. కారు అప్పగించిన రెండు వారాల్లో మీ ఖాతాకు తిరిగొస్తుంది" అందామె.

"రెండు వారాలా? అంతకాలం నా డబ్బుతో ఏం చేస్తారు?"

ఆ అమ్మాయి ఓపిగ్గా నాలుగు పేజీల కాగితం తీసి, నిబంధన ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. భావనారాయణ ఆ నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాడు. కాగితంలో తప్పేమీ దొరకలేదు. దాంతో ఆమె నవ్వు మీద అనుమానం వచ్చింది. "పొద్దున్నే ఇంతలా నవ్వుతోందంటే ఏదో ఉంది. పద" అని భార్యను లాక్కుని బయటికొచ్చేశాడు.

బయట ఒక బక్కపల్చటి మనిషి ఎదురొచ్చాడు. "తెలుగువాళ్ళా అన్నగారూ? అక్కడ తీసుకోకపోవడం మీ అదృష్టం. మీరు తెలివైనవారు కాబట్టి తప్పించుకున్నారు. నా దగ్గర కారుంది. కార్డు అక్కర్లేదు, డిపాజిట్ చేతికిస్తే చాలు" అన్నాడు.

భావనారాయణ ఎగాదిగా చూశాడు. "నిన్నెందుకు నమ్మాలయ్యా?"

"నమ్మొద్దు" అన్నాడా మనిషి వెంటనే. "పరాయి దేశంలో ఎవర్నీ నమ్మకూడదు. నన్ను కూడా నమ్మొద్దు. కారు అంగుళం అంగుళం చూసుకోండి. గీతలన్నీ ఫోటోలు తీసుకోండి. నా గుర్తింపు కార్డు చూపిస్తాను, అదీ చూసుకోండి."

ఆ మాటలకు భావనారాయణ కడుపు నిండిపోయింది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో సౌభాగ్యమ్మ కూడా ఆయన్ని ఇలా మెచ్చుకోలేదు మరి. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. టైర్లు నొక్కాడు, స్టెప్నీ విప్పించాడు, హారన్ కొట్టాడు, సీట్ల కింద టార్చి వేశాడు. ఎంచబోతే మంచమంతా కంతలే కదా, నలభై రెండు గీతలు దొరికాయి. నలభై రెండు ఫోటోలు తీశాడు. ఆ మనిషి ప్రతి గీతకూ "భలే పట్టారన్నగారూ" అన్నాడు. గుర్తింపు కార్డు చూపించబోతే, "చూపిస్తానన్నావుగా, చాల్లే" అన్నాడు భావనారాయణ.

సౌభాగ్యమ్మ పక్కకు పిలిచింది. "ఏమండీ, ఆ అమ్మాయికి ఆఫీసుంది, బోర్డుంది. ఇతనికేముంది?"

"నీకేం తెలుసు? మోసగాడైతే ఇన్ని పరీక్షలకు ఒప్పుకుంటాడా?" అని, తెచ్చుకున్న నోట్లలో సగానికి పైగా అతని చేతిలో పెట్టి, రసీదు రాయించుకుని తాళం తీసుకున్నాడు.

గంటన్నర ప్రయాణం అయ్యాక దారిలో పోలీసులు కారు ఆపారు. నంబరు చూసుకుని, ఇద్దర్నీ దింపి స్టేషనుకు తీసుకెళ్ళారు. ఆ కారు రెండు రోజుల కిందట ఎవరో పంతులమ్మ ఇంటి ముందు నుంచి పోయిందట.

"నేను అద్దెకు తీసుకున్నానండీ" అన్నాడు భావనారాయణ.

"ఎవరి దగ్గర?" అనడిగాడు ఇన్‌స్పెక్టరు. భావనారాయణ ఫోను అందించాడు. నలభై రెండు ఫోటోల్లో కారు గీతలన్నీ ఉన్నాయి. మనిషి ముఖం ఒక్కదాంట్లోనూ లేదు. రసీదు మీది నంబరుకు ఫోను చేస్తే అలాంటి నంబరే లేదని వచ్చింది.

"విమానాశ్రయంలో ఆఫీసు ఉండగా రోడ్డు మీద ఎందుకు తీసుకున్నారు?" ఇన్‌స్పెక్టరు చూపులో అనుమానం ఉంది. ఆ చూపు భావనారాయణకు బాగా తెలుసు. అయితే ఇన్నాళ్ళూ అది తన కళ్ళలోంచి బయటికి వెళ్ళేదే గాని, ఎప్పుడూ తన మీదికి రాలేదు.

"నన్ను నమ్మండి బాబూ. మేనకోడలి పెళ్ళి" అన్నాడు. నమ్మమని ఒకరిని బతిమాలడం ఆయనకు అదే మొదటిసారి.

పదిన్నరకు మాణిక్యం ఫోను చేసింది. "అన్నయ్యా, ఎక్కడున్నావు? పిల్ల బుట్టలో కూర్చుని ఉంది. పంతులుగారు ముహూర్తం దాటిపోతుందంటున్నారు."

భావనారాయణ ఫోను సౌభాగ్యమ్మ చేతికిచ్చేశాడు; జరిగిందంతా ఆమే చెప్పింది. గోడ మీద గడియారం పదకొండు దాటడం చూస్తూ, స్టేషను బెంచీ మీద పసిపిల్లాడిలా ఏడ్చాడు. సౌభాగ్యమ్మ కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది.

విమానాశ్రయం కెమెరాల్లో ఆ బక్క మనిషి కనిపించాక పోలీసులు వాళ్ళను వదిలేశారు. బావ పంపిన కారులోనే పెళ్ళింటికి చేరారు. అప్పటికి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. నీలవేణి తల్లో తలంబ్రాల బియ్యం ఇంకా ఉన్నాయి.

"బుట్ట ఎవరు మోశారమ్మా?" అనడిగాడు భావనారాయణ.

"పక్కింటి లిమ్ గారు మామయ్యా. చైనా ఆయన. మా ఆచారం ఏమిటో కూడా ఆయనకు తెలీదు. నాన్న వెళ్ళి సాయం అడిగితే, ఎందుకని కూడా అడక్కుండా చెప్పులు విప్పి వచ్చి మోశారు" అంది నీలవేణి. "నేను మాత్రం గేటు వైపే చూస్తూ కూర్చున్నాను" అంది.

ఆ పిల్ల కోప్పడినా బాగుండేది. భావనారాయణ తల ఎత్తలేకపోయాడు.

జాగ్రత్త మంచిదే. కానీ మంచి చెడ్డలు చూడకుండా అందర్నీ అనుమానించేవాడు, ఆఖరికి తన అనుమానాన్ని పొగిడినవాడి చేతిలోనే మోసపోతాడు.